ఆరు-సి ఇంటి ఓపల్

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. పెళ్ళి సంగతి నన్నడక్కండి, ఒక్కసారికే తల బొప్పి కట్టింది. ఇళ్ళ సంగతి అడగండి, చెప్తాను. నేను రంగులు వేసిన ఇళ్ళకు లెక్క లేదు. వాటిలో ఒక్కదానికీ పైకప్పు లేదు, ఒక్కదానికీ నాలుగో గోడ లేదు. హాలీవుడ్‌లో ముప్ఫై ఏళ్ళు సెట్టు పెయింటరుగా బతికిన హగోప్ మనూకియన్‌ గొప్పతనం అంతే.

ఆ ఇళ్ళన్నిటిలోకీ పేరు మోసింది ఆరు-సి. యాభైల్లో టీవీ ఉన్న ప్రతి కొంపకూ సోమవారం సాయంత్రం అది చుట్టాలిల్లు. విల్బర్, డాటీ అనే మొగుడూ పెళ్ళాల కాపురం. న్యూయార్కులో పాత మేడ, ఆరో అంతస్తు, 'సి' వాటా. వారం వారం డాటీ ఏదో తిక్క పని చేస్తుంది, విల్బర్ నెత్తి బాదుకుంటాడు, చివరికి ఇద్దరూ సోఫాలో కూలబడి నవ్వుకుంటారు. న్యూయార్కు అంటే నిజంగా న్యూయార్కు అనుకునేరు. మా ఆరు-సి ఉన్నది లాస్ ఏంజెలస్‌లో, స్టూడియో నాలుగో నంబరు షెడ్డులో. ఆరో అంతస్తు మాట దేవుడెరుగు, నేల మీదే ఉండేది. కిటికీలోంచి కనబడే మేడలు నేను గుడ్డ మీద గీసినవి.

జనానికి ఇవేం పట్టవు. 'డాటీ, ఆరు-సి, న్యూయార్కు' అని రాసి ఉత్తరాలు పడేసేవాళ్ళు. ఒకావిడ కర్టెన్లు కుట్టి పంపింది. ఒక వారం కథలో వంటింటి కుళాయి కారితే, ఒహాయో నుంచి ఒక పెద్దాయన, "మీ ఆయన చేతగానివాడు తల్లీ, నువ్వే మార్చుకో" అని రాసి, కవర్లో వాషరు పెట్టాడు. ఆ కుళాయికి నీళ్ళ గొట్టమే లేదు!

ఆ ఉత్తరాలకు కూర్చుని జవాబులు రాసేది ఓపల్ స్ట్రాడర్. అది ఆమె పని కాదు, ఎవరూ చెయ్యమనలేదు. "పాపం, స్టాంపు అంటించి మరీ పంపారు కదా బాబాయ్" అనేది నాతో. ఆ పెద్దాయనకు కూడా, "వాషరు సరిగ్గా సరిపోయింది, కుళాయి ఇప్పుడు కారడం లేదు" అని రాసింది. అందులో అబద్ధం ఏమీ లేదు మరి.

ఓపల్ సెట్టు సామాన్లు చూసే మనిషి. పొడుగ్గా, పుల్లలా ఉండేది. జుట్టులో ఎప్పుడూ ఒక పెన్సిలు, చేతిలో ఒక పుస్తకం. డాటీ గ్లాసులో పాలు సగం తాగి పెట్టిందనుకోండి. కెమెరా ఆపి, లైట్లు మార్చి, గంట తరవాత మళ్ళీ మొదలుపెట్టినా ఆ పాలు అదే సగానికి ఉండాలి. కుర్చీ మీద కోటు ఏ చెయ్యి వేలాడుతూ ఉంది, పళ్ళెంలో రొట్టె ఎన్ని కొరుకులు పోయింది, అన్నీ పుస్తకంలో ఎక్కేవి. నేను మూడేళ్ళు చూశాను, ఒక్కసారి కూడా ఆమె లెక్క తప్పలేదు. నాకు ఒళ్ళు మండేది. మనిషన్నాక కాస్త పొరపాటు ఉండొద్దూ?

నా పని గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తరవాత కథ మీకు ఎక్కదు. ఆ రోజుల్లో టీవీలో రంగుల్లేవు. తెలుపు వేస్తే లైట్ల కింద మెరిసి చస్తుంది, నలుపు వేస్తే గోడలో గొయ్యి పడ్డట్టుంటుంది. అందుకని అంతా బూడిద రంగే. గోడ బూడిద, సోఫా బూడిద, పూలకుండీలో పూలు బూడిద, బల్ల మీద బుట్టలో ప్లాస్టరు ఆపిల్ పండ్లూ బూడిదే. అలాంటివి ఇరవై రెండు రకాలు కలిపేవాణ్ణి నేను. ఇరవై రెండు! మా ఆవిడకు మూడు కూడా తేడా తెలిసేది కాదు.

ఇంకో సూత్రం. జనం వైపు వీపు పెట్టి ఎవడూ కూర్చోకూడదు. మూడొందల మంది బెంచీల మీద కూర్చుని ఆట చూస్తారు, వాళ్ళ ముందు కెమెరాలు మూడు. భోజనాల బల్లకు ఆ వైపు కుర్చీ వెయ్యం. సోఫా, దీపం, పడక్కుర్చీ అన్నీ అటే చూడాలి. ఆ నాలుగో వైపు జనానిది. మా షెడ్డులో స్వీపరుకు కూడా ఈ సంగతి తెలుసు.

మధ్యాహ్నం అందరం క్యాంటీనుకు పోతే ఓపల్ పోయేది కాదు. ఆరు-సి వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కాగితంలో చుట్టి తెచ్చుకున్న రొట్టె తినేది. ఎవరూ వాడని ఉప్పు సీసా నింపి పెట్టేది. నేను పట్టుకుని ఏడిపించేవాణ్ణి.

"ఏమే ఇల్లాలా, మొగుడింకా రాలేదా?"

"వస్తాడులే బాబాయ్. నువ్వేసిన గోడ ఆరేలోపు వస్తాడు."

"అయితే ఈ జన్మకి రాడు!"

"పోనీలే, వంట తప్పుతుంది."

నవ్వులాటకి అనేది కానీ, ఆ వంటింటి మీద ఆమెకు ఎందుకంత మమకారమో నాకు తెలుసు. ఓక్లహామాలో ధూళి లేచి పొలాలు పోయినప్పుడు, కారు పైన పరుపు కట్టుకుని పడమటికి వచ్చిన లక్షల మందిలో ఓపల్ వాళ్ళూ ఉన్నారు. తల్లి దారిలోనే పోయింది. అప్పటికి ఓపల్‌కి పదిహేడేళ్ళు, తమ్ముడు క్లెట్‌కి పన్నెండు. బఠాణీ చేలల్లో, పీచు తోటల్లో కోతలు కోసుకుంటూ, గుడారాల్లో తమ్ముణ్ణి పెంచింది. తరవాత ఆమె మా స్టూడియో క్యాంటీనులో గిన్నెలు తోమడానికి చేరింది. కప్పులన్నీ కొలబద్ద పెట్టినట్టు సర్దుతుంటే ఎవరో చూసి సామాన్ల గదిలోకి తెచ్చారు. ముప్ఫై ఆరేళ్ళొచ్చినా ఒకే పొయ్యి దగ్గర వరసగా ఏడాది వండుకుని ఎరగదు. అద్దె గదిలో వంట కూడదని ఇంటామె కట్టడి.

తమ్ముడు క్లెట్ బేకర్స్‌ఫీల్డ్ నూనె బావుల దగ్గర పనిలో కుదిరాడు. పెళ్ళాం పురిట్లో పోతే, కూతురు డెల్లాను తనే పెంచుకుంటూ వచ్చాడు. యాభై అయిదు ఫిబ్రవరిలో గొలుసు తెగి మీద పడి వాడూ పోయాడు. ఎనిమిదేళ్ళ పిల్లను కౌంటీ సర్కారువాళ్ళు అనాథ పిల్లల ఇంట్లో పెట్టారు. ఓపల్ ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి వెళ్ళి చూసొచ్చేది.

మే నెల మధ్యలో ఒక రోజు రంగు డబ్బాల గదిలోకి వచ్చి, కాగితం ఒకటి నా చేతిలో పెట్టింది. చదివాను. నెబ్రాస్కాలో ఎవరో దంపతులు డెల్లాను దత్తత అడిగారు. నెలాఖరులోపు దగ్గర బంధువులెవరైనా తగిన ఇల్లు చూపించి పెంచుకుంటామంటే సరే, లేకపోతే పిల్ల నెబ్రాస్కాకి పోతుంది.

"నెబ్రాస్కా ఎంత దూరం బాబాయ్?"

"ఆదివారం వెళ్ళి వచ్చేంత దగ్గర కాదు."

ఆమె అక్కడే తారుపీపా మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, నాకు ఏం చెయ్యాలో తెలిసేది.

"ఇల్లు చూసుకున్నాను. రెండు గదులూ, వంటిల్లూ. పొయ్యి ఉంది, వేడినీళ్ళొస్తాయి. కానీ లోపల ఒక్క పీట కూడా లేదు బాబాయ్. అద్దెకే చేతిలోది ఊడ్చిపెట్టాను. మంగళవారం పదింటికి కౌంటీ నుంచి ఒకావిడ వస్తుంది. ఖాళీ గదులు చూసి పిల్లనెవరిస్తారు?"

అది శుక్రవారం. నాకు వెంటనే గోడౌను గుర్తొచ్చింది. కిందటి ఏడు సబ్బుపొడి కంపెనీవాళ్ళు, డాటీ కొంచెం పెద్ద వాటాలోకి మారితే బాగుంటుందని సలహా ఇచ్చారు. సలహా అంటే వాళ్ళే కదా ఆటకు పెట్టుబడి, ఆజ్ఞ అన్నమాట. కొత్త సెట్టు వేశాం. పాత ఆరు-సి సామానంతా గోడౌనులో దుమ్ము కొట్టుకుంటోంది.

గోడౌను కాపలాదారు ఐనార్ అనే స్వీడన్ ముసలాడు. ఎంగిలి చేత్తో కాకిని తోలడు. మేకు కావాలంటే మూడు సంతకాలు అడిగేవాడు. వాడి ముందు నిలబడి సంగతి చెప్పాను. వాడు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఓపల్ కోసమా?"

"ఓపల్ కోసమే."

"ఏ కాగితమూ లేకుండానా?"

"లేకుండానే."

"అయితే నాకేం కనబడదు. ఆదివారం పొద్దున లారీ తెచ్చుకో. ఒరేయ్, దీపం జాగ్రత్త, దాని తల ఊగుతుంది."

ఓపల్ మాత్రం ఊగిసలాడింది. "మోసం కాదా బాబాయ్? పై ఆఫీసులో తెలిస్తే?"

"ఆ సామాను మూడేళ్ళు ఎవరు తుడిచారు? పై ఆఫీసు తుడిచిందా? నీ ఇల్లు నీ ఇంటికొస్తోంది, అంతే" అన్నాను. వాదనలో నాతో నెగ్గినవాళ్ళు తక్కువ. మా ఆవిడొక్కతే.

ఆదివారం నేనూ ఐనారూ మోశాం. ఓపల్ పిల్లను చూడ్డానికి పోయి సాయంత్రానికి వచ్చింది. అప్పటికి ముందుగదిని ఆరు-సి చేసి పెట్టాం. గోడకు ఏడో నంబరు బూడిద రెండు పూతలు, సోఫా, పడక్కుర్చీ, తల ఊగే దీపం, భోజనాల బల్ల, పుస్తకాల బీరువా, గోడ అలమారా, కిటికీకి కర్టెన్లు. ఆపిల్ పండ్ల బుట్ట కూడా మరచిపోలేదు. ఓపల్ గుమ్మంలో నిలబడి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "అచ్చం అలాగే ఉంది బాబాయ్" అంది. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నన్నెవరూ అంత మెచ్చుకోలేదు. వెనక గది తలుపు మాత్రం మమ్మల్ని తియ్యనివ్వలేదు. "అది నేను చూసుకుంటాను" అంది. సరే అన్నాం.

మంగళవారం నేనూ ఐనారూ పనికి జ్వరమని చెప్పి వచ్చాం. ఐనార్ వంటింట్లో కాఫీ కాచే పని పెట్టుకున్నాడు. నేను ఒక బ్రష్షు పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాను, రంగు వేస్తున్న చుట్టంలా. నిజానికి ఆ గోడకు వెయ్యడానికేం మిగల్లేదు.

పదింటికి పది క్షణాలు అటూ ఇటూ కాకుండా మిసెస్ ప్రూయిట్ వచ్చింది. అరవైకి దగ్గర పడుతున్న మనిషి, బరువైన బూట్లు, చంకలో ఫైలు. నవ్వే మొహమూ కాదు, అలాగని కసురుకునే మొహమూ కాదు. లోపలికి వచ్చి గది మధ్యలో ఆగి, చుట్టూ చూసింది. చాలాసేపు చూసింది.

"ఇల్లు శుభ్రంగా ఉంది, మిస్ స్ట్రాడర్."

"థాంక్యూ అండీ."

"అన్నీ ఒకే రంగు."

"మా బాబాయికి ఆ రంగంటే ఇష్టమండీ" అంది ఓపల్, తడుముకోకుండా. నేను బ్రష్షు ఊపాను.

మిసెస్ ప్రూయిట్ బీరువా దగ్గరకు వెళ్ళి ఒక పుస్తకం లాగింది. పన్నెండు పుస్తకాలూ కలిసి పలకలా బయటికొచ్చాయి. అవి పుస్తకాలు కావు, అట్ట వీపులు అతికించిన చెక్క. ఆవిడ వాటిని వెనక్కి నెట్టింది. గోడ అలమారా తలుపు లాగింది. రాలేదు. రాదు కూడా, మేకులు నేనే కొట్టాను, నాలుగేళ్ళ కిందట. బుట్టలోంచి ఆపిల్ పండు తీసి, అరచేతిలో బరువు చూసి, బల్ల మీద టక్కున కొట్టింది. ఆ చప్పుడుకు వంటింట్లో ఐనార్ చేతిలోంచి చెంచా కింద పడింది.

అప్పుడావిడ బల్ల దగ్గరే నిలబడి వేలు పెట్టి లెక్కపెట్టింది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు కుర్చీలూ ఒక వరసలోనే ఉన్నాయేం? ఈ వైపు ఒకటీ లేదేం?"

ఆవిడ గదంతా ఒకసారి తిరిగి చూసింది.

"సోఫా కూడా అటే తిరిగి ఉంది. పడక్కుర్చీ కూడా. ఆ గోడ మీద పటం లేదు, మేకు కూడా లేదు. మీరంతా సాయంత్రం పూట కూర్చుని ఆ బోడి గోడను చూస్తారా?"

చూశాను. ఓరి భగవంతుడా! నిజంగానే గదిలో ఉన్న ప్రతి సామానూ ఆ ఖాళీ గోడకేసి కళ్ళప్పగించి చూస్తోంది. అలవాటులో పొరపాటు. నాలుగు గోడలున్న ఇంట్లో కూడా జనానికి చోటు వదిలిపెట్టాం! కొలబద్ద కళ్ళున్న ఓపల్‌కి కూడా తప్పు కనబడలేదంటే చూడండి, మేమెంత ముదిరిపోయామో. ఇంకెవరైనా చేస్తారా ఈ పని? మేం తప్ప ఎవరూ చెయ్యరు.

"అది... అలవాటండీ" అన్నాను నేను.

"ఏం అలవాటు?"

నేను ఏదో కల్లబొల్లి చెప్పబోయాను. చెప్పేవాణ్ణే. ఓపల్ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ వైపు జనం ఉంటారండీ" అంది.

మిసెస్ ప్రూయిట్ ఆమెను చూసింది, తరవాత సోఫాను చూసింది. సోఫా చేతి మీద డాటీ ఒకసారి ఇస్త్రీ పెట్టె మరచిపోయిన మరక ఉంది, మూడు కొసల మచ్చ. ఆవిడ దాని మీద వేలు పెట్టింది. "నేను ప్రతి సోమవారం చూస్తాను" అంది నెమ్మదిగా. "గుమ్మంలో అడుగు పెట్టగానే, ఈ ఇంటికి నేను ముందు వచ్చాను కదా, ఎప్పుడొచ్చానా అనుకున్నాను. ఇది ఆరు-సి."

"అవునండీ. నాది కాదు" అంది ఓపల్. నిలబడే మాట్లాడింది. "ఈ గదిలో నాదంటూ ఒక్క వస్తువు లేదు. నా దగ్గర సామాను లేదు. ఖాళీ గదులు చూస్తే పిల్లను ఇవ్వరని భయపడ్డాను. వీళ్ళిద్దరినీ ఏమీ అనకండి, వీళ్ళు నాకోసం మోశారు. తప్పు నాది. మోసం చేసి పిల్లను తెచ్చుకోవాలనుకున్నాను, నాకు సిగ్గుగా ఉంది."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. నాలుగింటిలో చివరిది. ఫైలు తెరిచింది కానీ కలం తియ్యలేదు.

"పిల్లను పెంచడం మీకేం తెలుసు, మిస్ స్ట్రాడర్? మీకు పిల్లల్లేరు, పెళ్ళి కాలేదు. ఉద్యోగం చూస్తే ఉత్తుత్తి ఇంట్లో సామాన్లు సర్దడం."

"అంతేనండీ. సర్దడం, రాసుకోవడం. అవే తెలుసు." అంటూ ఆమె ఎప్పుడూ చంకలో ఉండే పుస్తకం తీసి, వెనక పేజీలు తిప్పి ఆవిడ ముందు పెట్టింది. ఆ వెనక పేజీల్లో ఏముందో నాకు కూడా అప్పటిదాకా తెలియదు. మిసెస్ ప్రూయిట్ భుజం మీదుగా చదివాను. మర్యాద కాదనుకోండి, అయినా చదివాను.

'ఏప్రిల్ 3. ఎడమ బూటు లేసు తెగింది, ముడి వేసి ఉంది. కుడి బొటనవేలి గోరు కొరుకుతోంది. క్యారెట్లు పళ్ళెం అంచుకు నెట్టింది. వాళ్ళ నాన్న పేరు ఎత్తలేదు.

ఏప్రిల్ 10. ఈస్టరు. లేసు కొత్తది తీసుకెళ్ళాను. రంగు వేసిన గుడ్డు ఇచ్చారు, తినలేదు, జేబులో దాచింది. పైన ఎడమ పక్క పన్ను ఊగుతోంది. వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకోలేదు, కోటు అంచు పట్టుకుంది.

ఏప్రిల్ 17. పన్ను ఊడింది. నాకు చూపించాలని వారమంతా రుమాలులో కట్టి పెట్టుకుంది. ఈల వేస్తే గాలొస్తోందని నవ్వింది. మొదటిసారి నవ్వింది. నాన్న కూడా ఈల వేసేవాడని చెప్పింది.

ఏప్రిల్ 24. కోటు అంచు కాదు, రెండు వేళ్ళు పట్టుకుంది.'

అలా ఆదివారం ఆదివారం, మొన్నటి దాకా. మిసెస్ ప్రూయిట్ ఒక్కో పేజీ చదివింది, మధ్యలో వదలలేదు. వంటింటి గుమ్మంలో ఐనార్ కాఫీ కప్పు పట్టుకుని నిలబడిపోయాడు. కాఫీ చల్లారిపోయింది.

"పిల్ల గది ఎక్కడ?" అంది ఆవిడ లేచి.

ఓపల్ వెనక గది తలుపు తీసింది. నేనూ అప్పుడే చూడడం. చిన్న ఇనప మంచం. దాని మీద బొంత. ఆ బొంతలో ఎరుపుంది, పసుపుంది, నీలం ఉంది, పచ్చ గళ్ళున్నాయి. తమ్ముడి పని చొక్కాలూ, తన పాత గౌన్లూ కత్తిరించి చేత్తో కుట్టింది. కిటికీ గట్టు మీద ఒక నిజం మొక్క. ఇరవై రెండు రకాల బూడిద కలిపేవాణ్ణి, నన్నెవరో చెంపమీద కొట్టినట్టయింది. రంగులు మరచిపోయి ఎన్నేళ్ళయిందో నాకు అప్పుడు తెలిసింది.

మిసెస్ ప్రూయిట్ బొంత అంచు పట్టుకుని కుట్టు చూసింది. మంచం మీద అరచేత్తో నొక్కి చూసింది. తరవాత ముందుగదిలోకి వచ్చి కలం తీసింది.

"మూడు నెలలు చూస్తాం. నెలకోసారి వస్తాను, చెప్పి రాను. ఈసారి వచ్చేసరికి తలుపు తెరుచుకునే అలమారా ఒకటి ఉండాలి. చదవడానికి వీలున్న పుస్తకాలుండాలి. సామాను ఎక్కడిదో అక్కడికి మెల్లిగా చేరాలి, ఆ సంగతి నేను విననట్టే." గుమ్మం దగ్గర ఆగి నావైపు తిరిగింది. "ఆ ఆపిల్ పండ్లు మాత్రం ఇవాళే తీసెయ్యండి, బాబాయిగారూ. ఊడిన పన్ను ఒకటి చాలు."

ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది. అప్పుడు ఏడ్చింది ఓపల్. ఐనార్ ఆమె భుజం తట్టబోయి, ఎలా తట్టాలో తెలియక, చల్లారిన కాఫీ చేతిలో పెట్టాడు.

గురువారం సాయంత్రం డెల్లా వచ్చింది. ఒక అట్ట పెట్టె, రెండు జడలు, పన్ను లేని సందు. మిసెస్ ప్రూయిట్ స్వయంగా దింపి, నిజం ఆపిల్ పండ్ల సంచీ ఒకటి గుమ్మంలో పెట్టి పోయింది. మా ఆవిడ మా వాళ్ళ పద్ధతిలో ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి పంపింది. ఓపల్ బీన్స్ ఉడికించి, మొక్కజొన్న రొట్టె చేసింది, సొంత పొయ్యి మీద. అలమారా మేకులు పీకేశాను. సోఫా, పడక్కుర్చీ తిప్పేశాం. చాలా తెలివి మీరినవాళ్ళమనుకున్నాం.

తీరా భోజనానికి కూర్చునేసరికి నేనూ, ఐనారూ, ఓపలూ బల్లకు ఒకే వైపు వరసగా కూర్చున్నాం, రైలు బెంచీ మీద కూర్చున్నట్టు. చివరి కుర్చీ పిల్లకు ఉంచాం. మంగళవారం అంత పట్టుబడ్డా బుద్ధి రాలేదు.

డెల్లా కూర్చోలేదు. మా ముగ్గురినీ చూసింది, ఎదర ఖాళీ గోడను చూసింది. చివరి కుర్చీని రెండు చేతులా పట్టుకుని, నేల మీద కీచుమంటూ ఈడ్చుకుంటూ బల్ల చుట్టూ తిరిగి అవతలికి తీసుకుపోయింది.

"అటు కాదమ్మా" అన్నాను. నోరు ఊరుకోదుగా. "అటు వైపు కూర్చోరు."

"ఏం?"

ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన జవాబు. ఐనార్ వైపు చూస్తే వాడు నావైపు చూశాడు.

డెల్లా కుర్చీ ఎక్కి, గోడవైపు వీపు పెట్టి, మోచేతులు బల్ల మీద ఆనించింది. "అటు కూర్చుంటే అత్త చెవి ఒక్కటే కనిపిస్తుంది" అంది. "ఇక్కడైతే మొహం కనిపిస్తుంది."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెప్పుకోవడానికి సిగ్గేముంది? ఐనార్ గట్టిగా ముక్కు చీదుకున్నాడు.

ఓపల్ వడ్డించింది. పిల్ల రొట్టె తుంచుకుంది, బీన్స్ తింది, వాటిలోని క్యారెట్ ముక్కలు ఒక్కొక్కటే ఏరి పళ్ళెం అంచుకు నెట్టింది. ఓపల్ చెయ్యి అలవాటుగా జుట్టులో పెన్సిలు దాకా పోయింది. అక్కడ కాసేపు ఆగింది. తరవాత పెన్సిలు అలాగే వదిలేసి, బల్ల మీదుగా చెయ్యి చాపి, ఆ క్యారెట్ ముక్కలన్నీ తన పళ్ళెంలో వేసుకుని తినేసింది.